ట్రిమ్మర్‌లో తప్పేం లేదు

మా ఆయనకి తుపాకీ పిచ్చి ఉందని పెళ్ళైన చాలా ఏళ్ళదాకా నాకు తెలీదు. కాలేజీలో ఎన్‌సీసీ రోజుల్లో నాలుగు గుళ్ళు పేల్చారట, అదీ ఆయన మొత్తం వీరగాథ. జార్జియాలో, కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కున్నాక మా వీధి చివర ఉండే ముసలి తెల్లాయన ఓ ఆదివారం ఈయన్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. ఇంకేముంది! రైఫిల్ వచ్చింది, దానికో ఇనప బీరువా వచ్చింది, గరాజ్‌లో నా ఆవకాయ జాడీలుండే మూల ఆయన బల్ల అయిపోయింది. చికెన్ ముక్కలు కొట్టమంటే కత్తి నా చేతికిచ్చి పక్కగదిలోకి పోయే మనిషి ఈయన. కాగితం మీద గీసిన గుండ్రాల్ని తప్ప జన్మలో దేన్నీ కాల్చలేదు. ఐదు గుళ్ళూ ఒకే చిల్లులోంచి పోవాలి, అదొక్కటే కోరిక. నాలుగు ఒకచోట పడేవి, ఐదోది పక్కకి పోయేది, ఆ వారమంతా ఇంట్లో మాటా పలుకూ ఉండేది కాదు.

కొన్న తూటాలతో ఆ ఒక్క చిల్లు రాదుట. కాల్చేశాక మిగిలే ఇత్తడి గొట్టం ఉంటుంది, కేస్ అంటారు. దాన్ని ఇంటికి తెచ్చుకుని మళ్ళీ తుపాకీ మందు పోసి, కొత్త గుండు బిగించుకుంటే గురి కుదురుతుందిట. పేలిన ప్రతిసారీ ఆ ఇత్తడి పిసరంత సాగుతుంది. సాగిన మేరకి మూతి దగ్గర కోసి అన్నిటినీ ఒకే పొడవుకి తేవాలి. తేకపోతే గురి తప్పడం అటుంచి, ప్రమాదం కూడా. ఆ కోసే పనిముట్టు పేరే ట్రిమ్మర్.

పెళ్ళిచూపుల్లో నన్ను కాఫీ తాగినంతసేపు కూడా చూడని మనిషి, ట్రిమ్మర్లని మాత్రం ఒక చలికాలమంతా చూశారు. పెన్సిల్ చెక్కుకున్నట్టు చేత్తో పట్టుకుని తిప్పేది ఒకటి. బల్లకి బిగించి, ఒక పక్క పిడితో కేస్ అడుగుని గట్టిగా బిగించి, రెండో పక్క హ్యాండిల్ తిప్పేది ఒకటి. మోటారుది ఇంకొకటి. మోటారుది కొనెయ్యండి, మిక్సీ ఉండగా రోలెవరు పట్టుకుంటారు అన్నాను. ఆయన వింటేనా? కోత పూర్తికాగానే హ్యాండిల్ ఉన్నట్టుండి తేలికవుతుందిట, అది చేతికి తెలియాలిట, మోటారుకి ఏం తెలుస్తుందిట. చివరికి హ్యాండిల్ తిప్పేదే కొన్నారు. వచ్చిన రోజు దాని ముందు కూర్చుని భోజనానికి పిలిస్తే కూడా లేవలేదు.

నేనూ ఒక ఘనకార్యం చేశాను. దసరాకి ముందు పూజసామాన్లు తోముతూ, బల్లమీద నల్లగా మసిబారిన ఆయన కేసులు చూశాను. ఇత్తడేగా, దానికేం జబ్బు అనుకుని, పులుసు గిన్నెలో చింతపండు పిసికి, కుందులతోపాటు వాటినీ అందులో పడేసి తోమాను. బంగారంలా తళతళలాడాయి. మెచ్చుకుంటారనుకుంటే ఆయన లబోదిబోమన్నారు. కాల్చిన కేసుల్లో సీసం మసి ఉంటుందిట, అది వంటింట్లోకి రాకూడదుట. నా పులుసు గిన్నె ఆయనే తీసుకెళ్ళి చెత్తలో పడేశారు. తర్వాత ఒక సాయంత్రమంతా ఒక్కో కేసులోంచి టూత్‌పిక్‌తో చింతపండు పీచు లాగుతూ, తనలో తనే నవ్వుకుంటూ కూర్చున్నారు. ఆ మర్నాడే గరాజ్‌లోకి వేరే బకెట్ తెచ్చి పెట్టారు, తోమాలనిపిస్తే ఇందులో తోము, పీచు మాత్రం ఉంచకు అని. అప్పట్నించీ ఆ పని నాదే అయింది. గొణుక్కుంటూనే చేసేదాన్ని. నాకు ఇష్టంగానే ఉండేది, ఆయనకి మాత్రం చెప్పలేదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. షాపుల్లో తూటాలు దొరకడం మానేసిన ఏడు, 2013 అనుకుంటా, ఆ ఏడే ఆయన ట్రిమ్మర్ మీద ఫిర్యాదు మొదలుపెట్టారు. పొడవులు తేడాగా వస్తున్నాయి, మూతులు ఒక పక్కకి వాలిపోతున్నాయి, బ్లేడు అరిగింది అన్నారు. బ్లేడు మార్చారు. ఆ వాలు అలాగే ఉంది. పిడి లూజయింది అన్నారు. ఇంకో ట్రిమ్మర్ తెప్పించారు, నాలుగు రోజులు తిప్పి, ఇది మరీ దండగ అని వెనక్కి పంపారు. చెడిపోయిన కేసులన్నీ బల్లకింద కాఫీ డబ్బాలో పడేసేవారు. మళ్ళీ సాయంత్రం కాగానే కంప్యూటర్ ముందు కూర్చుని ఏ ట్రిమ్మర్ మంచిదో చదవడం. నాకు ఒళ్ళు మండిపోయేది. బాగున్న వస్తువుకి వంకలు పెడుతున్నారని నా గట్టి నమ్మకం.

ఒక శనివారం పొద్దున్న మూడోదానికి ఆర్డర్ పెట్టబోతుంటే ఒంటికాలి మీద లేచాను. ఆయన్ని కుర్చీలోంచి లేపి గరాజ్‌లోకి లాక్కెళ్ళి, బల్ల ముందు నేను కూర్చున్నాను. చూసి చూసి పని వచ్చేసింది కదా. కేస్ పెట్టి, పిడి బిగించి, హ్యాండిల్ తిప్పాను. కరకరమంటూ కాసేపు కోసింది, తర్వాత నిజంగానే హ్యాండిల్ తేలికయింది. తీసి ఆయన చేతికిచ్చాను. కొలిచారు. ఇంకోటి కోసి ఇచ్చాను. కొలిచారు. వరసగా కోసుకుంటూ పోయాను. అన్నీ ఒకే పొడవు, ఒక్క మూతీ వాలలేదు. వాదనలో గెలిచిన ఆనందం నాకు.

"చూశారా? ట్రిమ్మర్‌లో తప్పేం లేదు."

ఆయన పొడవు కొలిచే కాలిపర్ కింద పెట్టి, కుడిచెయ్యి వెల్లకిలా బల్లమీద ఆనించి చూసుకున్నారు. నేనూ చూశాను. బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడి ఉంది. పిడి బిగించే బలం ఆ వేలికి లేదు, కేస్ లోపల కదిలిపోతోంది, అందుకే మూతి వాలుతోంది. ఎన్నాళ్ళనించి అలా ఉందో! ఆ చెయ్యి పక్కనే పడుకునేదాన్ని, నా కంటబడలేదు.

"అవునే," అన్నారు మెల్లగా. "ట్రిమ్మర్‌లో తప్పేం లేదు."

తర్వాత డాక్టర్లు, స్కాన్లు, సూదులు గుచ్చి చేసే పరీక్షలు. కండరాలకి వెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. ఆపే మందు లేదన్నారు. పార్కింగ్ లాట్‌లో కార్ తలుపు తీసుకోవడానికి ఆయన ఎడమచెయ్యి వాడారు, నేను అటు తిరిగి ఏడ్చాను. ఏడ్చి ఇంటికొచ్చి ఏం చేశాను? మోటారు ట్రిమ్మర్ ఆర్డర్ చేశాను. ఆయన్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి, ఆయన పని ఆయన చేసుకోవాలి, అంతకుమించి నాకేం తోచలేదు. పెట్టె వచ్చింది. విప్పనివ్వలేదు.

"నాకిప్పుడు మోటారెందుకే? నువ్వు తిప్పు. నేను వింటాను."

అలాగే చేశాం. శాలువా కప్పుకుని ఆయన పక్కన కూర్చునేవారు, నేను తిప్పేదాన్ని. హ్యాండిల్ తేలికైనట్టు నా చేతికి తెలియడానికి ఒక క్షణం ముందే ఆయన "చాలు" అనేవారు. చప్పుడుని బట్టి తెలిసేదిట. తుపాకీ మందు దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు, అది వీధి చివరి ముసలాయన పని. ఎండాకాలం వచ్చేసరికి మాట ముద్దగా అయింది. "చాలు" బదులు కనుబొమ్మ ఎత్తేవారు. నేను ఆయన మొహం చూస్తూ తిప్పేదాన్ని, చెయ్యి దానంతటది ఆగేది.

మేం కోసిన కేసులతో చేసిన తూటాలు తీసుకుని ముసలాయన మమ్మల్ని రేంజ్‌కి తీసుకెళ్ళాడు. రైఫిల్ భుజానికి ఆనించే స్థితిలో ఈయన లేరు. ముసలాయనే కాల్చాడు, ఐదూ. కాగితం తెచ్చి చక్రాల కుర్చీలో ఆయన ఒళ్ళో పెట్టాడు. ఒకటే చిల్లు, అంచులు కాస్త చిరిగి. ఇన్నేళ్ళూ ఆయనకి రాని చిల్లు. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు చూసి కనుబొమ్మ ఎత్తారు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను.

చలికాలం చూడకుండానే ఆయన పోయారు.

రైఫిల్, బీరువా, బల్లమీద సామాను అన్నీ ముసలాయనకి ఇచ్చేశాను. విప్పని మోటారు పెట్టె కూడా. నేను కోసిన కేసులున్న డబ్బాలు చూసి, ఇవి చాలా మంచివి, మీరు ఉంచుకోరా అని అడిగాడు. తీసుకెళ్ళమన్నాను. బల్లకిందున్న కాఫీ డబ్బా తీసి, ఇవి పనికిరావు, తుక్కులో వేసేస్తాను అన్నాడు. నేను ఆ డబ్బా అతని చేతిలోంచి లాక్కున్నాను. పెద్దాయన, పాపం, బిత్తరపోయాడు.

ఏటా దసరా ముందు కుందులు తోమాక, గరాజ్‌లో ఆ బకెట్‌లో చింతపండు పిసికి ఆ డబ్బాలోని కేసుల్నీ తోముతాను. టూత్‌పిక్‌తో పీచు తీస్తాను, లేకపోతే ఆయన ఊరుకోరు. ఆరబెట్టేటప్పుడు ఒక్కో మూతి చుట్టూ వేలితో తడుముతాను. ఒక్కటీ సమంగా లేదు. మంచివన్నీ నేను కోసినవి. ఇవి మాత్రం ఆయన చేత్తో కోసుకున్నవి.