కాలితో తొక్కకూడని నీళ్లు

జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా నల్ల గ్రానైటుతో ఒక కట్టడం ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని సమాధి అనుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పైన ఒక పెద్దాయన ఫోటో, ఆ కింద బంగారు రంగు అక్షరాల్లో ఆయన పేరు, భార్య పేరు, కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, ప్రారంభోత్సవం చేసినవారి పేరు, ఆపైన కమిటీ సభ్యులందరి పేర్లూ ఉంటాయి. ఇవన్నీ చదువుకుంటూ కిందికి వస్తే ఒక కుళాయి కనబడుతుంది. అది తాగునీటి కేంద్రం. కమిటీ పేర్లలో అన్నిటికన్నా చివరిది నాది.

నేను నందిగామలో ఫిజిక్సు చెబుతాను. రెండు ఊళ్లకీ కలిపి మాకొక సేవా సంఘం ఉంది. అందులో డాక్టర్లు, కాంట్రాక్టర్లు, వ్యాపారులు, ఫోటోలో వెనక వరసలో నిలబడ్డానికి నాలాంటి టీచర్లు ఉంటారు. నెలకోసారి ఏదో ఒక హోటల్లో కలిసి సేవ గురించి మాట్లాడుకుని, బిర్యానీ తిని ఇళ్లకి వెళ్తాం. ఇన్నేళ్లలో ఆ సంఘం వల్ల బాగుపడింది ఆ హోటలువాడే. నేను అక్కడ నోరు విప్పేదాన్ని కాదు. ఒకసారి మాత్రం, జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టున్న ఒక సభ్యుడు వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం బస్టాండు దగ్గర తాగునీటి కేంద్రం కట్టిస్తానన్నాడు. శుభ్రంగా ఉండాలి, జనం పాడుచేయలేని విధంగా ఉండాలి, కాబట్టి డిజైను చూడ్డానికి సైన్సు తెలిసినవాళ్లు కావాలన్నాడు. ఆయన మాట పూర్తికాకుండానే చెయ్యెత్తాను. అలా ఎత్తడానికి కారణం మా అమ్మ.

అమ్మ వేదాద్రి వెళ్లే దారిలో మా పల్లెలో ఉంటుంది. ఇప్పటికీ మిరపకోతలకి వెళ్తుంది, మానమంటే నన్ను తిడుతుంది. ఆదివారం నాతోపాటు నందిగామలో చర్చికి రావాలని శనివారం మధ్యాహ్నమే బయల్దేరుతుంది. జగ్గయ్యపేట దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. ఆ బస్సు కోసం ఎంతసేపు కూర్చున్నా చుక్క నీళ్లు తాగదు. చుట్టూ హోటళ్లు, టీకొట్లు ఉన్నా ఎవరినీ అడగదు. అంతకుముందు వేసవిలో అలా కూర్చునే బెంచీ మీదినుంచి పక్కకి ఒరిగిపోయింది. ఎవరో మొహాన నీళ్లు కొట్టి లేపారు. ఆ సంగతి కూడా నాకు చాలా రోజుల తర్వాత, వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఎందుకు అడగదంటే, ఊరి బయట ఉండే మా పల్లెవాళ్లు ఊళ్లోకి వెళ్లి నీళ్లు అడిగితే గ్లాసు ఇచ్చేవాళ్లు కాదు. వంగి దోసిలి పట్టాలి. ఊళ్లోవాళ్లు అరుగు మీద నిలబడి పైనుంచి పోస్తారు. చెంబు చేతికి తగలకుండా, నీళ్లు మోచేతుల వెంట కారి చీర తడిసిపోయేలా పోస్తారు. అమ్మ అలా తాగుతూ పెరిగింది, పెళ్లయ్యాక కూడా అలాగే తాగింది. ఒక రోజు ఇక తాగనని మానేసింది. ఇప్పుడు జగ్గయ్యపేటలో నువ్వెవరివని అడిగే తీరిక ఎవరికీ లేదమ్మా, అడిగితే గ్లాసుతోనే ఇస్తారు అని ఎన్నోసార్లు చెప్పాను.

"ఇస్తారేమోలే. ఇస్తారో లేదో చూట్టానికి మళ్లీ అడగమంటావా?" అంది.

బాటిలు కొనుక్కోమంటే, నీళ్లకి డబ్బులేందే అని నా మీదే లేస్తుంది. ఇంటినుంచి తెచ్చుకునే సీసా ఆటో దిగేసరికే ఖాళీ అవుతుంది. కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. బస్టాండులో అమ్మ ఎవరినీ అడగకుండా, తనంతట తాను తాగగలిగే కుళాయి ఒకటి ఉండాలి. నా సేవాభావం అంతవరకే.

మొదటి మీటింగులో డాక్టరుగారు ఎంగిలి గురించి మాట్లాడారు. గ్లాసు పెడితే రోగాలన్నీ దాని అంచునే ఉంటాయన్నారు. అది నిజమే, నేనూ తలూపాను. తర్వాత కాంట్రాక్టరుగారు దొంగల గురించి మాట్లాడారు. అంతకుముందు అక్కడున్న కుళాయి తల ఎవరో విప్పుకుపోయారట. అందుకని నొక్కుడు కుళాయి పెడదామన్నారు. నొక్కితే నీళ్లు వస్తాయి, వదిలితే ఆగిపోతాయి, స్ప్రింగు గట్టిది వేస్తే పిల్లలు ఆడుకోలేరు. అందరూ తలూపారు. ఇంతలో ఇంకో సభ్యుడికి హోటళ్లవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు టిన్నులు తెచ్చి నీళ్లన్నీ పట్టుకుపోతారని ఆయన బెంగ. అయితే కుళాయిని తొట్టికి బాగా దగ్గరగా దించేద్దామని, కింద టిన్ను కాదు కదా సీసా కూడా పట్టదని కాంట్రాక్టరుగారు తేల్చేశారు. దానికీ తలూపారు. మా సంఘంలో తలలు నిలువుగా తప్ప అడ్డంగా ఆడిన సందర్భం నాకు గుర్తులేదు.

నేను లేచి అడిగాను. గ్లాసు లేదు, సీసా పట్టదు, ఒక చెయ్యి కుళాయి మీద ఉంటుంది. ఇక మిగిలిన ఒక్క చేత్తో దోసిలి ఎలా పడతారండీ అన్నాను.

అందరూ తమ చేతుల వంక చూసుకున్నారు. ఎడమ చేత్తో గాలిని నొక్కుతూ కుడి చెయ్యి నోటిదగ్గర పెట్టుకుని, ఇంతమంది పెద్దమనుషులు హోటల్లో మూగనాటకం ఆడుతుంటే సర్వరు బిర్యానీ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. చివరికి డాక్టరుగారు, పక్కనున్నవాళ్లు నొక్కుతారు మేడం, మనవాళ్లకి ఆమాత్రం మానవత్వం ఉంది అన్నారు. జీవితంలో ఎప్పుడూ వంగి నీళ్లు తాగని మనిషికి మానవత్వం మీద ఎంత నమ్మకమైనా ఉంటుంది. పక్కనున్నవాళ్లని నొక్కమనాలంటే అడగాలి. అమ్మ చెయ్యనిది అదొక్కటే.

మరుసటి వారం నందిగామలో వెల్డింగు షాపుకి వెళ్లి, కాలితో నొక్కే పెడలు ఒకటి చేయించాను. కరోనా రోజుల్లో ప్రతి షాపు ముందూ శానిటైజరు స్టాండు ఉండేదే, అలాంటిదే. కాలు వేస్తే నీళ్లు పడతాయి, తీస్తే ఆగుతాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కుళాయిని ఎవరూ ముట్టుకోరు కాబట్టి డాక్టరుగారి రోగాలకి కూడా చోటు లేదు. తర్వాతి మీటింగులో బక్కెట్టు పెట్టి చూపిస్తే అందరూ వంతులవారీగా తొక్కి చూశారు. బాగుందన్నారు. అప్పుడు ఎరువుల కొట్టాయన వచ్చాడు.

ఆయన కాసేపు ఆ పెడలు వంక చూసి, "కాలితో తొక్కటమేందండీ?" అన్నాడు. "పైన నాన్నగారి ఫోటో ఉంటది. కింద పదిమందీ కాలేసి తొక్కుతా ఉంటే మాకెట్లా ఉంటది?"

తొక్కేది ఫోటోని కాదండీ, పెడలుని అన్నాను. ఇంకో సభ్యుడు అందుకుని, గంగమ్మ తల్లిని కాలితో తొక్కి తాగడం మన పద్ధతి కాదన్నాడు. అంతకు నిమిషం ముందు అందరికన్నా ఎక్కువసేపు తొక్కింది ఆయనే. నాకు ఒళ్లు మండింది. వెనకటికి మన తాతలు ఏతం తొక్కే కదండీ పొలాలకి నీళ్లు తోడింది, అప్పుడు గంగమ్మకి రాని కోపం ఇప్పుడెందుకు వస్తుందన్నాను.

"అది పొలానికి మేడం. ఇది నాన్నగారికి," అన్నాడు ఎరువుల కొట్టాయన.

దాంతో పెడలు అయిపోయింది. జనం దాహం కోసం అనుకున్నది చివరికి నాన్నగారి కోసమని ఆయనే ఒప్పుకున్నాడు, అది ఎవరి చెవినా పడలేదు. మిగిలిన మీటింగంతా గ్రానైటు ఏ రంగుదో, పేర్లు ఎంత లావుండాలో, కోడళ్ల పేర్ల ముందు శ్రీమతి రాయాలా వద్దా అన్నదాని మీద జరిగింది. కుళాయి మీద పెట్టిన దానికంటే శ్రీమతి మీద పెట్టిన బుర్ర ఎక్కువ.

ప్రారంభోత్సవం నాడు అందరూ నీళ్లు తాగారు. ఒకరు తాగుతుంటే ఇంకొకరు నొక్కారు, నొక్కేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. ఎండ మండుతున్నా శాలువాలు మాత్రం కప్పుకున్నారు.

ఆ శనివారం నేనే జగ్గయ్యపేట వెళ్లి అమ్మ కోసం ఎదురుచూశాను. ఆటో దిగగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. అమ్మ చెప్పులు విప్పబోయింది. గుడి కాదమ్మా, కుళాయి అన్నాను. ఒక చేత్తో నొక్కింది. ఏళ్ల తరబడి మిరపకాయలు కోసి కణుపులు ఉబ్బిన వేళ్లకి ఆ స్ప్రింగు లొంగలేదు. రెండు చేతులూ వేసి బలంగా నొక్కింది. నీళ్లొచ్చాయి. రెండు చేతులూ కుళాయి మీదే పెట్టుకుని, పడుతున్న నీళ్ల వంక, అవి తొట్టిలోంచి కాలవలోకి పోవడం వంక చూస్తూ నిలబడింది. నేను పక్కకి వచ్చి నొక్కాను. అమ్మ దోసిలి పట్టి కడుపునిండా తాగి, పమిటతో మూతి తుడుచుకుంది.

"బానే ఉన్నయ్యే నీళ్లు. వచ్చే శనారం కూడా నువ్వొస్తావా నొక్కటానికి?" అంది.

దెప్పడానికి అనలేదు, నిజంగానే అడిగింది.

తర్వాతి శనివారం బస్టాండు దగ్గర పంక్చరు షాపులో పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. దాన్ని ముడివేసి, కుళాయి మెడకి ఒక చుట్టు తిప్పి, నొక్కుడు మీదికి లాగి తగిలిస్తే నొక్కుడు కిందికి దిగి అలాగే ఉంటుంది. తీసేస్తే నీళ్లు ఆగుతాయి. ఇంతమంది పెద్దలు ఇన్ని మీటింగుల్లో సాధించిన భద్రత ఒక ట్యూబు ముక్కతో పోయింది. అమ్మకి చూపించాను. ఒక్క చేత్తో నొక్కిపట్టడం ఆమె వల్ల కాదు గానీ, రెండు చేతులతో లాగి తగిలించడం వెంటనే వచ్చేసింది. ట్యూబుని కుళాయికే వేలాడదీసి వచ్చాం.

ఆ తర్వాత అమ్మ వచ్చినప్పుడల్లా తాగింది. ఆటోవాళ్లు తాగారు, కూరగాయల గంపలవాళ్లు తాగారు, కాలేజీ పిల్లలు తాగారు. అయితే మా జనం కూడా తక్కువవాళ్లేమీ కాదు. తగిలించడం అందరికీ వచ్చింది, తీయడం ఎవరికీ రాలేదు. నీళ్లు ధారగా పోయి మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ అయ్యేది. ఒకాయన బండి కడుక్కున్నాడట. కాలితో తొక్కకూడని చోట ఇంకొకాయన తీరుబడిగా కాళ్లు కడుక్కుంటుంటే నేనే చూశాను. కమిటీ మీద ఎంత మంట ఉందో వీళ్ల మీదా అంత మంట పుట్టింది.

అత్యవసర మీటింగు పెట్టారు. ఎరువుల కొట్టాయన ఆ ట్యూబు ముక్కని హత్యాయుధంలాగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద వేశాడు. నాన్నగారి ఆత్మ క్షోభిస్తోందన్నాడు. కాంట్రాక్టరుగారు కెమెరా పెట్టించాలన్నారు. అందరూ తలూపారు.

"ఇట్లాంటి జనానికి ఎంత చేసినా ఇంతేనండీ. నీళ్లు తాగటం కూడా మనమే నేర్పాల," అన్నాడు ఎరువుల కొట్టాయన.

"ఆ ట్యూబు కట్టింది నేనండీ. మా అమ్మ కోసం కట్టా," అన్నాను.

అక్కడితో ఆగలేదు. మా పల్లె సంగతి, దోసిలి సంగతి, చెంబు తగలకుండా పైనుంచి పోయడం, అమ్మ బెంచీ మీద ఒరిగిపోవడం, అంతా చెప్పాను. ఇన్నేళ్లలో వాళ్ల ముందు అంతసేపు మాట్లాడటం అదే మొదలు. డాక్టరుగారు ఏదో అనబోయి నీళ్లు నమిలారు. కాంట్రాక్టరుగారికి హఠాత్తుగా ఫోనులో పనిపడింది. ఎరువుల కొట్టాయన మాత్రం నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నాకు ఎక్కువ కోపం తెప్పించింది కూడా అదే.

"అయ్యో మేడం, ముందే చెప్పొచ్చుగా. మా కొట్టు ఆ పక్కనే కదా. అమ్మగారొచ్చి ఒక్క మాట అడిగితే ఇయ్యమా? గ్లాసుతోనే ఇస్తాం," అన్నాడు.

గ్లాసుతోనే అన్న మాటని కాస్త ఒత్తి పలికాడు. అందరూ మెచ్చుకోలుగా ఆయన వంక చూశారు. అంతసేపు నేను చెప్పిందాంట్లో వాళ్లకి ఒక్క ముక్క కూడా ఎక్కలేదని అప్పుడు అర్థమైంది. ఎవరినీ అడగకుండా తాగాలనే కదండీ నేను ఈ కమిటీలోకి వచ్చింది అన్నాను. ఆయన అర్థమైనట్టే తలూపి, కెమెరా సంగతి ఓటుకి పెట్టాడు. నా చెయ్యి తప్ప అన్ని చేతులూ లేచాయి. భోజనాలకి లేస్తున్నప్పుడు ట్యూబు ముక్క తీసి నా బ్యాగులో వేసుకున్నాను.

శనివారం అమ్మ వచ్చేసరికి కెమెరా బిగించేశారు. ఫోటోలోని పెద్దాయన తల పైనుంచి అది తిన్నగా కుళాయి వంకే చూస్తోంది. నేను ట్యూబు తీసి తగిలించబోతుంటే అమ్మ నా చేతిలోంచి తీసుకుంది. కెమెరా ఉందమ్మా, అంతా పడుతుంది అన్నాను.

"పడనియ్యవే. ఎవుర్నీ అడగలేదుగా," అంది.

రెండు చేతులతో లాగి తగిలించింది. దోసిలి పట్టి, ఏ తొందరా లేకుండా తాగింది. తాగడం అయ్యాక ట్యూబు విప్పి, పమిట చెంగుతో తడి తుడిచి, తన సంచిలో పెట్టుకుంది.