జీడిపప్పు బాకీకి కలకత్తా వెళ్ళివచ్చాను

పోయిన దసరాకు కలకత్తా సేఠ్‌కు పంపిన సరుకు డబ్బు మళ్ళీ దసరా దగ్గరపడినా రాలేదు. ఉత్తరాలకు జవాబు లేదు. ఫోను చేస్తే సేఠ్ గారు ఊళ్ళో లేరనేవారు. పలాసలో మాది చిన్న జీడిపప్పు కార్ఖానా. పిక్కలు కొట్టే ఆడవాళ్ళకు రెండు నెలల కూలి బాకీ పడ్డాం. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయి ప్రయాణాలు కూడదన్నారు. కలకత్తాకు నేనే బయల్దేరాను.

సాయంత్రం మెయిలు ఎక్కాను. రిజర్వేషన్ దొరకలేదు, ఆడవాళ్ళ పెట్టెలో కూర్చునే వెళ్ళాను. ఇచ్ఛాపురం దాటాక పులిహోర పొట్లం విప్పితే ఎదురుగా ఉన్న పెద్దావిడ ఊరగాయ వేసింది. ఆమె కొడుకు హౌరా పక్కన టికియాపారాలో రైల్వే పని చేస్తాడట. "వసూలుకా? అయితే పండగ ముందు ఎల్తన్నావేటమ్మా, ఆ రోజుల్లో ఆళ్ళు పుచ్చుకోడమే గానీ ఇవ్వరు" అంది. ఆ మాట నిజమని వెళ్ళాక తెలిసింది.

తెల్లవారి హౌరాలో దిగి వంతెన మీద నడిచే బడాబజారు చేరుకున్నాను. గంపలు మోసే కూలీలు ఎవరికోసమూ ఆగరు, పక్కకు ఒదిగి నడవాలి. సేఠ్ గారి గద్దీ, అక్కడ వ్యాపారం చేసే చోటును అలాగే అంటారు, మూడో అంతస్తులో ఉంది. తెల్లటి పరుపులు పరిచిన పొడవాటి గది. గుమ్మంలోనే గుమాస్తా ఒకాయన తెలుగులో పలకరించాడు.

"రండమ్మా, పలాస నుంచేనా? నాను సింహాద్రిని. మాది సిక్కోలే, ఇక్కడ ఖిదిర్‌పూర్లో పుట్టేను."

ప్రాణం లేచివచ్చింది. ఆయన మట్టి కప్పులో టీ తెప్పించాడు, దగ్గర్లో ధర్మశాలలో గది చూపించాడు. అద్దె తక్కువ, నీళ్ళు మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి. సేఠ్ రేపు వస్తారన్నాడు. ఆ రేపు కాస్తా బంద్ అయింది. ట్రాములు లేవు, కొట్లు లేవు, ధర్మశాల మెట్ల మీద కూర్చుని మరమరాలు తిని ఆ రోజు గడిపాను.

మర్నాడు సేఠ్ దొరికారు. మిఠాయి పెట్టించి, మా ఆయన ఆరోగ్యం అడిగారు. తమకూ రావలసినవి రాలేదన్నారు. ఈ ఏటి సరుకు ఒక లారీ పంపిస్తే పాతదీ కొత్తదీ కలిపి ఇచ్చేస్తానన్నారు. పాతది ముందు ఇమ్మన్నాను. నమ్మకం లేదా బెహన్‌జీ అని నొచ్చుకున్నారు. సింహాద్రి ఆయన మాటలు తెలుగులో చెబుతుంటే నాకూ అంత చెడ్డగా వినిపించలేదు. లారీ పంపుదామనే అనుకున్నాను.

ఆ సాయంత్రం సింహాద్రి ట్రాములో నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఒకే గది. ఆయన భార్య ఎండుచేపల పులుసు వండింది. నేను చెయ్యి కడుక్కుంటుంటే ఆయన చెంబు పట్టుకుని నిలబడి, తల ఎత్తకుండా చెప్పాడు.

"లారీ పంపకండమ్మా. పాత డబ్బు రాదు. తెలుగోళ్ళు వొస్తే మన మాటల్లో సెప్పి పంపీడానికే నన్ను ఎట్టుకున్నారు. నా జీతమూ మూడు నెల్లుగా లేదు."

ఆ మాట గద్దీలో అనగలవా అని అడిగాను. అనలేనన్నాడు. తండ్రికి రేవులో పని పోయాక ఈ కొలువే దిక్కట.

మరునాడు గద్దీ తెరిచే వేళకు వెళ్ళి గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నాను. సరుకు బేరానికి వచ్చిన ప్రతివాడికీ నాకు వచ్చిన హిందీలో మా బాకీ సంగతి చెప్పాను. ఒడిశా నుంచి వచ్చిన వర్తకుడొకడు విని, చెప్పులు విప్పకుండానే వెనుదిరిగాడు. సేఠ్ సింహాద్రి వైపు చూశారు.

సింహాద్రి వచ్చి నా సంచీ అందుకున్నాడు. అందరికీ వినపడేలా, "లెగండమ్మా, ఇక్కడ కూకోకూడదు" అన్నాడు. రాత్రి నాకు వడ్డించిన ఇంటి మనిషి. నేను లేవలేదు. భుజం పట్టుకున్నాడు. బేరానికి వచ్చినవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు.

చివరికి సేఠ్ లోపలికి పిలిచి మూడోవంతు ఇచ్చారు. బాకీ మొత్తం చెల్లిపోయిందని రాసిన కాగితం ముందు పెట్టారు. కార్ఖానాలో ఆడవాళ్ళు జీడి రసానికి నల్లబడిన చేతులతో నాకోసం ఎదురుచూస్తున్నారు. సంతకం పెట్టాను.

సింహాద్రి నా సంచీ మోసుకుంటూ స్టేషను దాకా వచ్చాడు. బండి ఎక్కాక కిటికీలోంచి అరటిపళ్ళు ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. ఆయన కిటికీలోంచే వాటిని నా పక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వసూలుకు కలకత్తా వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. అక్కడ కటువుగా మాట్లాడేవారు ఎవరూ లేరు. నాలుగు రోజుల్లో నన్ను ఒక్కరూ కసురుకోలేదు. తిండి పెట్టారు, గది చూపించారు, అక్కా అన్నారు, అమ్మా అన్నారు.

ఖరగ్‌పూర్ దాటాక పక్క సీటాయన, వెళ్ళిన పని అయిందా అని అడిగాడు.

అయిపోయిందన్నాను.