ఒంటికి అంటే ఒంట్లో కాదు

ఆ రోజు మా ఆయన మధ్యాహ్నం పన్నెండింటికే ఇంటికొచ్చేశాడు. అప్పట్లో ఆయన మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్లే బండి తోలేవాడు. డ్యూటీ మధ్యలో ఇల్లు చేరడం మా పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఎన్నడూ లేదు. బండి తాళాలు గూట్లో పెట్టి, రెండు చేతులూ నడుము మీద వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“నడుము గుంజుతున్నది. రెండు దిక్కుల. ఒంటికి గూడ సరిగ అయితలేదు,” అన్నాడు.

మా దిక్కు ఒంటికి పోవడమంటే మూత్రానికి పోవడం.

“నీళ్లు తాగితే గద అయ్యేది!” అన్నాను.

నిజమే, ఆయన నీళ్లు తాగడు. వెనక సీట్లో ఆడపిల్లలు కూర్చుని ఉంటే దారిలో బండి ఆపి చెట్టు చాటుకు పోవడానికి సిగ్గు. అందుకని పొద్దున ఒక గ్లాసు చాయ్ తాగి బయల్దేరితే మళ్లీ ఇంటికొచ్చేదాకా గొంతు తడపడు. మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఉన్న మా ఊళ్లో చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఇంటికొకరు చొప్పున ఇట్లాంటి బండ్లు తోలడానికి పోయేవారు. అందరిదీ అదే పద్ధతి.

సాయంత్రం చేవెళ్లలో ఒక క్లినిక్‌కు పోయాం. డాక్టరు గారు కోస్తా వైపు ఆయన, కొత్తగా వచ్చారు. గది నిండా జనం. అందులో మా బడి పిల్లవాడి తండ్రి కూడా ఉన్నాడు. నేను మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని.

మా ఆయన తల దించుకుని, “ఒంటికి అయితలేదు సార్, రెండు దినాల సంది,” అని గొణిగాడు.

“ఏమంటున్నారు?” అని డాక్టరు గారు నా వైపు చూశారు.

అంతమంది ముందు ఆ మాట నా నోట రాలేదు. “ఒంట్లో బాగా లేదంటున్నారండీ. నడుం నొప్పి,” అన్నాను.

ఆయన బండి తోలే పని గురించి అడిగి, నడుం నొప్పే అనుకుని, ఇంజెక్షనూ మూడు రోజులకు నొప్పి మాత్రలూ రాశారు. తప్పు ఆయనది కాదు. నేను చెప్పినదానికి ఆయన వైద్యం చేశారు. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని నేను ఏటా పిల్లలతో వల్లె వేయించే షష్ఠీ విభక్తిలో ‘కి’, ‘లో’ ఒకే వరుసలో ఉంటాయి. వాటి మధ్య తేడా నా మొగుడి ప్రాణమని నాకు ఏ వ్యాకరణమూ చెప్పలేదు.

మూడో రోజుకు ముఖం ఉబ్బింది. ఏది తిన్నా వాంతి. ఒంటికి చుక్క కూడా రాలేదు. మా అత్తమ్మ తన కొడుకు కాళ్లు నొక్కి చూసి, గుంట పడితే అది పూడకపోవడం చూసి, “ఇది నడుం నొప్పి కాదు బిడ్డా. పట్నం పోదాం నడువు,” అన్నది. ఆమె చదువుకోలేదు. నాకు తట్టనిది ఆమెకు తట్టింది.

పట్నంలో పెద్ద దవాఖానలో స్ట్రెచర్ ఆగగానే ఒక ఆయమ్మ వచ్చి, వార్డంతా వినబడేట్టు, “అన్నా, ఒంటికి పోయినవా ఇయ్యాల?” అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె వెంటనే డాక్టరు గారి దగ్గరికి ఉరికింది. నేను మూడు రోజులు మింగిన మాటను ఆమె మూడు క్షణాల్లో చెప్పేసింది. ఆ తల్లికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. హైడ్రోనెఫ్రోసిస్ అన్నారు. రక్తంలో ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది దాటింది. యూరాలజిస్ట్ గారు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

“కుడివైపు రాయి అడ్డం పడిందమ్మా. ఎడమవైపు కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే ఇరుకు, పుట్టుకతోనే ఉండి ఉండవచ్చు. పీయూజే అబ్‌స్ట్రక్షన్ అంటాం. ఎన్నాళ్లుగానో ఆ కిడ్నీ నలిగిపోతూ ఉంది. ముందు రెండు వైపులా వీపులోంచి పీసీఎన్ ట్యూబులు వేసి మూత్రం బయటికి తీద్దాం.”

బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది ఆ చోటికి మాత్రమే ఇచ్చి ట్యూబులు వేశారు. తెల్లారేసరికి కుడి ట్యూబుకు తగిలించిన సంచి నిండింది. ఎడమ సంచిలో అడుగున కొద్దిగా చేరింది. వారానికి క్రియాటినిన్ రెండుకు దిగింది. తర్వాత కుడివైపు రాయిని ఎండోస్కోపీతో తీసి, ఆ ట్యూబు తీసేశారు. కుడి కిడ్నీ గట్టెక్కింది.

ఇక ఎడమది. డీటీపీఏ స్కాన్ చేస్తే మొత్తం పనిలో దాని వంతు పద్నాలుగు శాతమే అని వచ్చింది. ఇంకో దవాఖానలో చూపిస్తే, పని చేయని కిడ్నీ ఇన్‌ఫెక్షన్లకు నిలయం, తీసేయడం మంచిదన్నారు. మా ఆయన వయసు ముప్పై ఆరు. కుడివైపు మళ్లీ రాయి వస్తే ఇక దిక్కేది? ఆ భయంతో కాగితం పట్టుకుని మళ్లీ మొదటి దవాఖానకే పోయాం.

యూరాలజిస్ట్ గారు ఆ రెండో అభిప్రాయం కాగితం ఓపికగా చదివారు. “వారు చెప్పింది తప్పు కాదు. కానీ ఒత్తిడిలో ఉన్నప్పుడు తీసిన స్కాన్ ఇది. ట్యూబు ఆరు వారాలు ఉంచుదాం. రోజూ ఎంత వస్తోందో కొలవండి. మళ్లీ స్కాన్ చేద్దాం. అప్పటికీ లేవకపోతే నేనే తీసేస్తాను. తొందరపడితే తీసింది మళ్లీ పెట్టలేను కదమ్మా,” అన్నారు. ఆ నిదానం నాకెంతో నచ్చింది.

ఇంట్లో కొలిచే పని అత్తమ్మ తీసుకుంది. పాలు కొలిచి పోసే చెయ్యి ఆమెది. నర్సమ్మ ఇచ్చిన గీతల మగ్గులో సంచిని వంచి, కంటి ఎత్తుకు లేపి చూసి, “మూడు గీతల మీద జరంత,” అనేది. నేను నోట్‌బుక్కులో రాసేదాన్ని. ఏ రోజూ ఉజ్జాయింపుగా చెప్పలేదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం సంచి ఎండిపోయింది. చలిజ్వరం పట్టుకుంది. ఆటోలో పరుగు పెట్టాం. డాక్టరు గారు చొక్కా ఎత్తి చూసి నిలబడిపోయారు. ట్యూబు ఊగకుండా ఉండాలని అత్తమ్మ దాన్ని కొడుకు మొలతాడుకు గట్టిగా కట్టేసింది. ముడి దగ్గర ట్యూబు మడతపడి మూసుకుపోయింది.

“గుంజుకుపోతదేమోనని కట్టిన సారూ,” అని అత్తమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

“అమ్మా, మొలతాడు గట్టిదే. ట్యూబే మెత్తది,” అన్నారు ఆయన. ఒక్క మాట కసరలేదు. ముడి విప్పి, ట్యూబు కడిగి, ప్లాస్టర్ ఎట్లా వేయాలో ఆమె చేతనే రెండుసార్లు వేయించారు. యాంటీబయాటిక్స్‌తో నాలుగు రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చాం. అప్పటినుంచి ప్లాస్టర్ వేయడంలో అత్తమ్మను మించినవారు మా మండలంలో లేరు.

ఆరో వారం చివర స్కాన్. రిపోర్టు కవరు నా చేతికిస్తే విప్పలేకపోయాను. డాక్టరు గారే విప్పి, పైనుంచి కిందికి చదివి, అత్తమ్మ వైపు తిరిగారు.

“ఇరవై ఏడు, అమ్మా. మీ కొడుకు కిడ్నీ లేచింది. తీసేది లేదు.”

అత్తమ్మకు శాతాలు తెలియవు. “ఉంటదా సారూ?” అని మాత్రం అడిగింది. ఉంటుందన్నారు. నేను అక్కడే అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత పైలోప్లాస్టీ చేసి ఇరుకు చోటు సరిచేశారు. లోపల కొన్నాళ్లు ఉంచే సన్న గొట్టం, డీజే స్టెంట్, పెట్టారు. “డీజే పెట్టిండ్రట” అని తెలిసి, పెళ్లి ఎవరిదని మా మరిది అడిగాడు. నవ్వుకోవడానికి అది పనికొచ్చింది. కానీ స్టెంట్ తీయించే రోజును గోడ మీద బొగ్గుతో రాసుకున్నాం, మరిచిపోతే కొత్త కష్టమని డాక్టరు గారు గట్టిగా చెప్పారు కాబట్టి.

ఇప్పుడు మా ఆయన మా బడి వ్యానే తోలుతున్నాడు. పక్కన నీళ్ల సీసా ఉంటుంది, బడిలో మరుగుదొడ్డి ఉంటుంది. క్రియాటినిన్ ఒకటిన్నర దగ్గర నిలిచింది, అంతకన్నా దిగలేదు. ఆరు నెలలకొకసారి పరీక్ష, ఉప్పు తక్కువ, డాక్టరును అడగకుండా నొప్పి మాత్ర లేదు, అవి కిడ్నీలకు చేటట.

మొన్న చెకప్‌కు పోయినప్పుడు వెయిటింగ్ హాల్లో కుర్చీ ఖాళీ లేదు. డాక్టరు గారు గది గుమ్మంలో నిలబడే పలకరించారు. “ఎలా ఉందమ్మా ఆయనకి?”

“ఒంటికి మంచిగ అయితున్నది సార్,” అన్నాను, హాలంతా వినబడేట్టు. మా ఆయన సిగ్గుతో కిటికీ వైపు తిరిగాడు. డాక్టరు గారు నవ్వారు.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. నడుము నొప్పితో పాటు మూత్రం తగ్గితే ఆ రోజే దవాఖానకు పోండి. పోయి, మీ ఇంట్లో ఏ మాట అంటారో ఆ మాటే చెప్పండి, ఎవరున్నా సరే. నేను మాట దిద్ది మూడు రోజులు పోగొట్టాను.