గడప వెలుతురు

పోయిన సోమవారం పొద్దున హోసూరులో మా స్టూడియో సార్ పోయారు. ఫోన్ చేసింది ఆయన భార్య; ఆమెను నేను అమ్మ అనే పిలుస్తాను. "సార్ పోయినాడమ్మా. గోడకు ఫోటో కావల్ల, నువ్వే చెయ్యి" అన్నారు. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్లలో, ఒక్కసారి తప్ప, ఆయన చూడకుండా నేనే ఫోటో ఇచ్చింది లేదు.

పోయినవాళ్ల ఫోటో నలుపు తెలుపుల్లోనే కావాలని మా వైపు ఇప్పటికీ అడుగుతారు. ప్రింటు రాగానే సార్ దాన్ని గడప దగ్గరికి తీసుకెళ్లేవారు. చెయ్యి చాచి చూసేవారు, రెండడుగులు వెనక్కి వేసి చూసేవారు. నేనేమో కంప్యూటరులో హిస్టోగ్రాం అనే గ్రాఫ్ చూసేదాన్ని. నలుపు ఎంత, తెలుపు ఎంత అని గీత గీసి చూపిస్తుంది కదా, ఇంకేం కావాలని నా ధీమా. "గ్రాఫ్ అంత ముద్దొస్తే దానికే మాలెయ్యి" అని సార్ ఎగతాళి చేసేవారు.

ఆ ఒక్కసారి సంగతి చెప్పాలి. రాయకోట దగ్గరి గొర్రెల కాపరి ఒకాయన చనిపోయిన తన తల్లి ఫోటో ఇచ్చాడు. గ్రాఫ్ అంతా ఎడమకు, నలుపు వైపే కుప్పపడి ఉంది. అటూ ఇటూ సమంగా పరిచాను, ఆమె ముఖం తెల్లగా తేలింది. సార్ కృష్ణగిరి నుంచి రాకముందే గర్వంగా అతని చేతికిచ్చాను.

అతను చాలాసేపు చూసి, "ఈమె ఎవరమ్మా? మాయమ్మ ఎండలో తిరిగిన మనిషి" అన్నాడు.

అప్పుడే సార్ వచ్చారు. "కూర్చోప్పా" అని అతనికి టీ చెప్పి, తానే మళ్లీ ప్రింటు తీశారు. అందులో ఆమె ముఖం నల్లబడింది, ముక్కుపుడక ఒక్కటే మెరిసింది. అతను రెండు చేతులతో అందుకున్నాడు.

"గ్రాఫ్ అబద్ధం చెప్పదమ్మా. అయితే అది ఆమెను చూసిండలేదు. ఆయప్ప చూసినాడు" అన్నారు సార్ తర్వాత.

చివరి ఏడాది ఆయన కంట్లో పొర వచ్చింది. "నాకు మసకగా ఉంది, గ్రాఫ్ ఏమంటాదో చెప్పు" అని అడిగేవారు. అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. చెప్పడానికి నేనే సిగ్గుపడేదాన్ని.

ఆయన ఫోటోకు మొదట తీసిన ప్రింటులో గ్రాఫ్ వంక పెట్టలేనట్టు వచ్చింది. అమ్మ గడప దగ్గర నిలబడి చూసి, "బాగుందమ్మా" అన్నారు. చుట్టాల పిల్లను చూసి మర్యాదకు అన్నట్టు ఉంది ఆ మాట. ప్రింటు వెనక్కి తీసుకున్నాను.

ఈసారి గ్రాఫ్ మూసేశాను. వీధి వెలుతురుకు వీపు పెట్టి ప్రింటు చూసే ఆయన ముఖాన్ని గుర్తు చేసుకుంటూ నలుపు పెంచాను. ఒక చెంప పూర్తిగా చీకట్లో కలిసిపోయింది. అది తప్పని నేనే ఎంతమందికి చెప్పానో.

అమ్మ కొత్త ప్రింటును చెయ్యి చాచి చూశారు. రెండడుగులు వెనక్కి వేశారు. సార్ బయటినుంచి లోపలికి వచ్చినప్పుడల్లా తాను చేసినట్టే, ఖాళీగా ఉన్న చేత్తో కొంగు భుజం మీదికి సర్దుకున్నారు.