నా మోకాళ్లూ, మా వదిన ప్రార్థనలూ

మోకాళ్లు నావి. ఈ ఒక్క సంగతి ఇంట్లో గానీ, చర్చిలో గానీ, ఆఫీసులో గానీ ఎవరికీ గుర్తుండేది కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సలహా మాత్రం అడక్కపోయినా విస్తరేసి వడ్డిస్తారు. చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేస్తారు. నేను కుంటడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు తెలిసిన ప్రతి మనిషీ వైద్యుడైపోయాడు.

అవి ఉమ్మడి రాష్ట్రం రోజులు. ఎంఎంటీఎస్ రైళ్లు వచ్చి కొన్నేళ్లయింది. మా ఇల్లు సీతాఫల్‌మండిలో, నా ఉద్యోగం బేగంపేటలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో. స్టేషన్లో మెట్ల వంతెన ఎక్కేటప్పుడు కుడి మోకాలు కటకటమనేది. దిగేటప్పుడు రెండూ కలిసి ప్రాణం తోడేసేవి. వెనకనుంచి వచ్చేవాళ్లు "జెర జరుగమ్మా" అని తోసుకుంటూ పోయేవాళ్లు. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లు ఏ నూనె రాయాలో చెప్పలేదు, అదే పదివేలు.

ఆఫీసులో పక్క సీటావిడ చెప్పింది. "గుజ్జు అరిగింది మేడం. మా అత్తకు సుత గిట్లనే అయింది. మెంతులు నానబెట్టి పొద్దుగాల తినుండ్రి, ఎట్ల ఉరుకుతరో చూడుండ్రి."

"మీ అత్తగారు ఉరుకుతున్నారా?" అని అడిగాను.

"ఆమె పోయినేడు చనిపోయింది మేడం," అంది, ఏమాత్రం తడుముకోకుండా.

చివరికి నేనూ, మా ఆయనా సికింద్రాబాద్‌లో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ఎముకా ఎముకా రాసుకుంటున్న చోటును పెన్నుతో చూపించాడు. ఆయనతోనూ పోట్లాడదామనే వెళ్లాను గానీ నాకు అవకాశమివ్వలేదు. "ఇప్పుడే కోత అక్కర్లేదమ్మా. కాస్త బరువు తగ్గండి, వ్యాయామం చేయండి, నొప్పి మరీ ఎక్కువైతే సూది వేద్దాం. వాటికి లొంగకపోతే అప్పుడు కీలు మారుద్దాం. మార్చాక నడక బాగుంటుంది. అదీ యంత్రంలాంటిదే, ఎన్నో ఏళ్లకైనా అరుగుతుంది," అన్నాడు.

"మార్చాక మోకరించొచ్చా?" అని అడిగాను.

"మోకాళ్ల మీద కూర్చోవడమా? కొందరికి వీలవుతుంది, చాలామందికి కష్టం. నేనైతే వద్దనే చెబుతాను. ఎందుకమ్మా, అంత అవసరమా?"

అవసరమే. మా చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం బల్ల ముందున్న కొయ్య కమ్మీ దగ్గర వరసగా మోకరించి రొట్టే, ద్రాక్షారసమూ తీసుకుంటాం. నేనేమీ పెద్ద భక్తురాలిని కాను. ప్రసంగం సాగుతుంటే పొయ్యి ఆర్పానా లేదా అని ఆలోచించే రకం. కానీ ఆ కమ్మీ దగ్గర తల వంచుకున్న కాసేపూ నన్నెవరూ పలకరించరు. ఎవరూ ఏమీ అడగరు, ఏమీ చెప్పరు. నాకు ఇంకెక్కడా దొరకని నిశ్శబ్దం అది. ఆపరేషన్ చేయించుకుంటే నడక మిగులుతుంది, అది పోతుంది. చేయించుకోకపోతే కొన్నాళ్లకు రెండూ పోయేలా ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇది ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. మా ఆయన మొదట ఆపరేషన్ పక్షం. ఆయన ఆఫీసరుగారి తల్లి మోకాలి చిప్పలు మార్పించుకుని గుట్ట మీది గుడి మెట్లెక్కిందట. ఎక్కింది ఆవిడ, గొప్ప ఈయనది. వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పేవాడు.

రెండో పక్షం ఆయన అక్కగారు, మా వదిన. కాప్రాలో ఉండేది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైనా, ఎదురుగా ఉన్నవాళ్లంతా బెంచీల మీద కూర్చున్న పిల్లలనే ఆవిడ నమ్మకం. మా ఆయన్ని చిన్నప్పుడు చంకనేసుకుని పెంచిందట. ఆయన ఇంకా ఆ చంక దిగలేదు. "ఆపరేషనంటే కొరివితో తల గోక్కోవడమే అమ్మాయ్. దేవుడిచ్చిన కీళ్లు పారేసి ఇనప ముక్కలు పెట్టించుకుంటావా? నాకూ ఉండేవి నొప్పులు. ప్రార్థన చేసి ఈ నూనె రాశాను, పోయాయి," అని ఒక సీసా నా చేతిలో పెట్టింది. కర్పూరం ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది రాసుకుని రైలెక్కితే మా పెట్టెలో నాకు సులువుగా సీటు దొరికేది. దాని వల్ల కలిగిన మేలు అంతవరకే.

డాక్టరు చెప్పినట్టు వ్యాయామం మొదలుపెట్టాను. మా వీధి చివర ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉండేది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కమనేది, మడమకు ఇసక సంచీ కట్టి కాలెత్తమనేది. నా పెళ్లినాటికి పుట్టి కూడా ఉండని పిల్ల నన్ను "ఇంకా ఎత్తుండ్రి, ఇంకా ఎత్తుండ్రి" అని అదిలిస్తుంటే ఒళ్లు మండేది. అన్నం తగ్గించాను. ఆకలి వేసినప్పుడల్లా ఇంట్లోవాళ్ల మీద అరిచాను. తీరా చూస్తే ఎడమ మోకాలు నిజంగానే తేలికపడింది. కుడిది మాత్రం నాకంటే మొండిది, లొంగలేదు. సూది వేయించుకుంటే కొన్ని వారాలు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టింది.

సరే, కుడిది మార్పించేసుకుందామని మనసు అటు మొగ్గుతున్న రోజుల్లోనే మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. మావాళ్లలో ఒక పద్ధతుంది. ముఖం మీద అంటే జవాబొస్తుంది కాబట్టి, అనదలచుకున్నదంతా కళ్లు మూసుకుని దేవుడితో అంటారు. వినాల్సినవాళ్లు పక్కనే కూర్చుని వింటారు. మధ్యలో అడ్డు తగలకూడదు. చివర్న ఆమేన్ అనాలి, అంతే.

వదిన ప్రార్థన ఎత్తుకుంది. లోకం కోసం, పాలకుల కోసం, సంఘం కోసం అయ్యాక నా మోకాళ్ల దగ్గరికొచ్చింది. "తండ్రీ, నీ బిడ్డ నిన్ను నమ్మక కత్తిని నమ్ముకుంటోంది. తన భర్తను కూడా ఆ దారి పట్టించింది." ఆపరేషన్ అని మొదట గోల పెట్టింది ఆ భర్తే! ఆయన కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. "అయినా ప్రభువా, ఈ సాయంత్రం నీ సన్నిధిలో తన తప్పు ఒప్పుకుంటోంది. కత్తి జోలికి పోనని నీకు మాట ఇస్తోంది."

గదిలో అందరూ ఆమేన్ అన్నారు. వాళ్లతోపాటు నేనూ అన్నాను. కావాలని అనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రార్థన ఆగిన చోట నోరు తనంతట తాను ఆ మాట అనేస్తుంది. అన్న తరవాత ఏమన్నానో తెలిసింది.

వదిన కళ్లు తెరిచి నవ్వింది. "చూశావా అమ్మాయ్, దేవుడి ముందు ఒప్పుకున్నావు. ఇక మాట తప్పకూడదు."

ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను. చర్చి అంతా ఆ ఆమేన్ పాకింది. కనబడిన ప్రతివాళ్లూ "తీర్మానం చేసుకున్నారటగా, మంచిది," అని చెయ్యి నొక్కేవాళ్లు. మా చర్చి అయ్యగారి దగ్గరికెళ్లి, నాకు తెలియకుండా నోరు జారిందని చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "ప్రార్థనలో పెడదామమ్మా," అన్నాడు. అసలు నా కొంప ముంచిందే ప్రార్థన! మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. గుట్ట మెట్లెక్కిన ఆఫీసరు తల్లిని మరిచేపోయాడు. "అందరి ముందూ ఆమేన్ అన్నావు కదా మరి," అనేవాడు, పేపరు అడ్డం పెట్టుకుని. నొప్పి కన్నా ఆ పేపరే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వానాకాలం మొదలయ్యేసరికి కుడికాలు వంకర తిరగడం బయటికే కనబడుతోంది. స్టేషన్ మెట్ల మధ్యలో కాలు కదలక అక్కడే కూలబడ్డాను. రైలు వచ్చింది, వెళ్లింది. తడిసిన మెట్టు మీద కూర్చుని దేవుడినీ, మా వదిననూ కలిపి తిట్టుకున్నాను. ఆ సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి నా కాలు అటూ ఇటూ వంచి చూసి, "మేడం, ఎడమది మంచిగైంది, దాన్ని ముట్టొద్దు. కుడిది ఇగ నాతోని కాదు. ఊకె తక్లీఫ్ పడకుండ్రి," అంది. డాక్టరూ అదే మాట అన్నాడు. ఎడమ మోకాలికి వ్యాయామం, కుడి మోకాలికి కత్తి. ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసుకుని వచ్చి, ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను. అడగలేదు, చెప్పాను.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం వదిన ఆసుపత్రికి వచ్చింది. నా మంచం పక్కన నిలబడి, నర్సును కూడా తలొంచుకోమని చెప్పి, మాట తప్పిన బిడ్డను క్షమించమనీ, ఆఖరి నిమిషంలోనైనా మనసు మార్చమనీ ప్రార్థించింది. ఆగింది. నేను పళ్లు బిగపట్టాను. పెదవులు వాటంతట అవే కదలబోతుంటే కొంగు అడ్డం కుక్కుకున్నాను. వదిన కళ్లు తెరవకుండా ఎదురుచూసింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ నా ముఖం చూసి ఊరుకున్నాడు. ఆమేన్ లేకుండానే ఆవిడ సంచీ తీసుకుని వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నేను ఆమేన్ అనకుండా ఊరుకోవడం అదే మొదలు.

ఆపరేషన్ బాగా జరిగింది. నొప్పి ఎవరూ చెప్పనంత ఉంది, తగ్గడానికీ చాలాకాలమే పట్టింది. కర్ర సాయంతో చర్చికి వెళ్లిన మొదటి సంస్కారం ఆదివారం నాకు బాగా గుర్తుంది. కమ్మీ దగ్గర అందరూ మోకరించారు. నేను నిలబడ్డాను. కిందికి చూస్తే వరసగా వంగిన తలలు, పైన నేనొక్కదాన్ని. దాక్కునే చోటు పోయింది. నడక కావాలనుకున్నాను, వచ్చింది. అయినా రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

పక్కనే మోకరించిన వదిన కిందినుంచి గొణిగింది. "తలన్నా వంచు అమ్మాయ్, అందరూ చూస్తున్నారు."

అయ్యగారు దీవించారు. వరసంతా లేచింది, వదిన లేవలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది, ఇంకో చేత్తో గాలిలో తడుముకుంది. చివరికి నా మోచెయ్యి దొరికితే గట్టిగా పట్టుకుంది. నేను కర్ర మీద బరువేసి ఆవిణ్ని పైకి లాగాను. లేస్తుంటే ఆవిడ మోకాలు కటకటమంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

తువ్వాలు చుట్ట, ఇసక సంచీ, డాక్టరు చిరునామా, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఆవిడ అడగాలి కదా అని మింగేశాను.

"ఏం లేదు, తిమ్మిరెక్కింది. నా మోకాళ్లు దేవుడు చూసుకుంటాడు," అంది వదిన, నా చెయ్యి వదలకుండా.

"ఆమేన్," అన్నాను.