పిన్ని వేయని ఉప్పు

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లున్నప్పుడు, మా ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన ఒక సంగతి నా ఒక్కడికే తెలుసు. నేను చెప్పలేదు. అందువల్ల మా పిన్ని తను చెయ్యని తప్పును చాలా ఏళ్లు మోసింది. ఆమె ఉప్పు వేసి పెట్టబట్టే మా తాతయ్య పడిపోయాడని మా బంధువుల్లో ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. వాళ్ల కంట పడాలనే ఇది రాస్తున్నాను.

మాది బొబ్బిలికి దగ్గర్లో ఒక పల్లె. వరి పండేది, మెరక మీద రాగులు పండేవి. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా తాతయ్యను బొబ్బిలిలో డాక్టరుకు చూపిస్తే రక్తపోటు బాగా ఎక్కువగా ఉందన్నాడు. నేనూ వెంట వెళ్లాను కాబట్టి ఆయన మాటలు నాకు గుర్తే. ఉప్పు తగ్గించాలి, ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు వద్దు, చుట్ట మానాలి, బిళ్ల రోజూ వేసుకోవాలి. చూపు మసకబారినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురావాలి. ఏ బాధా తెలియకపోయినా రక్తపోటు లోపల ఉండవచ్చని కూడా చెప్పాడు. తాతయ్య ఆ ఆఖరి మాట నమ్మలేదు. తలనొప్పి వచ్చిన రోజే బిళ్ల వేసుకునేవాడు.

ఇంట్లో వంట పిన్నిది. మా చిన్నాన్న భార్య. ఆ మర్నాడే ఊరగాయ జాడీలు అటకెక్కించింది. తాతయ్యకు వేరే కుండ పెట్టి, అందులో ఉప్పు రాయి పడనిచ్చేది కాదు. వేయించిన ఉప్పుకు దోషం లేదని, కాస్త వేయించి వెయ్యమని పక్కింటి ముసలమ్మ సలహా ఇస్తే, "డాక్టరు పచ్చుప్పనలేదు పెద్దమ్మా, ఉప్పన్నాడు" అని నవ్వేసింది. తాతయ్య మాత్రం పొద్దున్నే అంబలి గ్లాసు అందుకుని, "ఏటమ్మా ఇది, గోడకి పుయ్యడానికి కలిపినావేటి" అనేవాడు. "గోడయితే ఇన్ని మాటలాడదు మావయ్యా, తాగండి" అనేది పిన్ని.

అయితే అంత జాగ్రత్తలోనూ ఒక్కటి ఎవరికీ తట్టలేదు. ఏటా చేసినట్టే ఆ ఏడూ ఊరమిరపకాయలు పెట్టారు. పచ్చిమిరపకాయలు చీల్చి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో నానేసి, పగలంతా దాబా మీద చాపలో ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ ఆ మజ్జిగలోనే వేసేవాళ్లు. మజ్జిగ మొత్తం పీల్చుకునేదాకా అలా చేస్తే కాయ నిండా ఉప్పే. అవి మిగతా అందరి కోసం. వాటికి కాపలా నేను.

తాతయ్య అంబలి గ్లాసు పట్టుకుని దాబా మీదికి వచ్చి, మెట్ల గది నీడలో కూర్చునేవాడు. "ఒరే, రెండిలాగియ్యి. కాకులెత్తుకుపోనాయని సెప్పు" అన్నాడు మొదటి రోజు. రెండు కాయలు నంజుకుని అంబలి తాగుతుంటే ఆయన ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకూ సంతోషమనిపించింది. మర్నాడు నాలుగిచ్చాను. తర్వాత లెక్క పెట్టలేదు. ఇంట్లో పెద్దాయన నన్ను నమ్మి ఒక రహస్యం నా చేతిలో పెట్టాడన్న గర్వం నాది. ఒక రోజు ఆయన ముక్కులోంచి రక్తం కారింది. "ఎండకి వేడి సేసింది, కిందెవులికీ సెప్పకు" అని తువ్వాలుతో తుడుచుకున్నాడు. అదీ చెప్పలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు, మధ్యాహ్నం, తాతయ్య చేతిలోంచి మిరపకాయ జారి పడింది. తీసిచ్చాను. మళ్లీ జారింది. మూడోసారి కూడా వేళ్లు దాన్ని పట్టుకోలేకపోతే నాకు నవ్వొచ్చింది. పకపకా నవ్వి, నేనే కాయ తీసి ఆయన నోట్లో పెట్టాను. పట్టు తప్పడమంటే ఏమిటో డాక్టరు చెప్పగా విన్నవాణ్ణి నేను. కింద అందరూ ఉన్నారు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయకుండా కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన ఒక పక్కకు ఒరిగిపోయాడు. బొబ్బిలి చేర్చేసరికి పొద్దు వాలింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

తాతయ్యను ఇంటికి తెచ్చిన మూడో రోజున మా పెద్దత్త వచ్చింది. తాతయ్య పెద్ద కూతురు. వసారాలో బంధువులందరి ముందూ పిన్నిని నిలబెట్టి, "ఉప్పు తగ్గించీమంటే నీకు సేతులు రాలేదేటే? ఇకమీదట మా నాన్నకి నీ సేతి కూడెట్టకు" అంది. "నానెయ్యలేదొదినా" అంది పిన్ని, ఒక్కసారే. మంచం మీద తాతయ్య గొంతులో ఏదో శబ్దం చేస్తూ ఎడమ చెయ్యి ఎత్తాడు. దాహమనుకుని ఎవరో నీళ్లు తెచ్చారు. ఆయన నీళ్లవైపు చూడలేదు. తలుపు చాటున ఉన్న నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత ఆయన రెండేళ్లు బతికాడు. ఆ రెండేళ్లూ మా అమ్మే వండి పెట్టింది. ఆయన కోసం పిన్ని పొయ్యి ముట్టించింది లేదు.

పోయినేడు నాకూ రక్తపోటుందని తేలింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని డాక్టరు అడిగితే తాతయ్య సంగతి చెప్పాను. ఆ పక్షవాతం ఎలా వచ్చిందన్నారు. "తిండిలో ఉప్పు ఎక్కువై" అనబోయి ఆగిపోయాను. నా నోట కూడా ఆ నిందే వస్తోంది. ఉన్నదంతా చెప్పాను. ఆ మిరపకాయల వల్లే అని చెప్పలేమని, చుట్టకూ, వేసుకోని బిళ్లలకూ కూడా అందులో భాగముంటుందని ఆయన అన్నారు. నాకు అది ఊరట కాలేదు. వేళ్లు పట్టు తప్పినప్పుడు నవ్విన నవ్వుకు అందులో భాగమెంతో ఎవరు చెప్పగలరు?

ఆ వారమే ఆమదాలవలస వెళ్లాను. పిన్ని ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విన్నది. తిడుతుందనుకున్నాను. వలుస్తున్న కాయ పక్కన పెట్టి, "రెండు కుండల్లోనూ ఒకే గరిటె పెట్టినానేటో అనుకున్నాన్రా. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను" అంది.

తన తప్పు లేదని ఆమెకైనా తెలిసి ఉంటుందని నేను ఇంతకాలం ధైర్యం చెప్పుకున్నాను. ఆమెకూ తెలియదు. ఇంట్లో ఎవరైనా చెయ్యి తిమ్మిరిగా ఉందంటే ఇప్పుడు నేను నవ్వను. చేతిలో పని వదిలేసి లేస్తాను. కానీ ఆ గరిటె మాట ఆనాటి నా నవ్వుకన్నా బరువుగా నాతో ఉండిపోయింది.

"ఈ మాట సెప్పడానికి నీకింత కాలం పట్టిందేట్రా" అని అడిగింది పిన్ని. అక్కడే కూర్చుని పెద్దత్తకు ఫోన్ చేశాను. తాతయ్యకు ఆ ఉప్పు అందించింది నేనేనని, పిన్ని కుండలో రవ్వంతైనా వేయలేదని, పిన్ని వినేలా చెప్పాను. ఫోన్ పెట్టేశాక పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు తలుపు చాటున నిలబడి ఊరుకున్నందుకు నన్ను క్షమించమని అడిగాను.