గోరు గాటు

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం జహీరాబాద్ బస్టాండులో ఒక ముసలి కుమ్మరి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గంపలో గడ్డి పరిచి పేర్చిన మట్టి ముంతలు నిండుగా ఉన్నాయి. ఒక్కటీ అమ్ముడుపోలేదా అని అడిగాను.

"చాయ హోటలుకు తెచ్చిన సారు, వద్దన్నరు. ఊరవతలుండే అంటరానోళ్లు తాగే ముంతలకు అడుగున గోరుతోని గాటు పెట్టుమన్నరు, మిగిలినయాట్ల కలవకుంట. నేను అన్నిటికి పెట్టిన."

"పొరపాటునా?"

"కాదు సారు. మా అమ్మ ఏ కుండ చేసినా గట్లనే పెట్టేది, చేసిన చెయ్యి యాదుండాలని. ఆమె గుర్తును గసుంటి పనికెట్ల ఇస్త?"

మంచి పని చేశావన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన ఒక ముంత తీసి తువ్వాలతో తుడిచాడు. తన సొరబుర్రలోంచి నీళ్లు పోసి అందించాడు.

"తాగు సారు, ఎండల వచ్చినవ్."

ముంత అందుకున్నాను. అడుగున నా వేలికి గాటు తగిలింది. గొంతు పిడచకట్టుకుపోయి ఉంది.

"దాహం లేదు" అని తిరిగి ఇచ్చేశాను.

ఆయన ఆ నీళ్లు తనే తాగి, ముంతను మళ్లీ గడ్డిలో పెట్టుకున్నాడు.

ఇప్పటికీ ఎవరింట్లో నీళ్లిచ్చినా, తాగేముందు నా వేలు గ్లాసు అడుగుకు పోతుంది.